కొన్న పుస్తకానికి తాళం ఎవరిది?

ప్రశ్న: డబ్బిచ్చి కొన్న ఈ-బుక్కులు వేరే యాప్‌లో తెరుచుకోవడం లేదు. వాటికి వేసిన డిజిటల్ తాళం తీస్తే నేరమా?

జవాబు: అమ్మా, చాలా దుకాణాలు అమ్మేది పుస్తకాన్ని కాదు, చదువుకునే అనుమతిని. 2009లో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ను, కొన్నవాళ్ల కిండిల్ ఈ-రీడర్లలోంచి వాళ్లకు చెప్పకుండానే చెరిపేసింది. డబ్బు వాపసిచ్చింది, నిజమే. కానీ ఆ పుస్తకం మీద ఓ విద్యార్థి రాసుకున్న నోట్సు ఎందుకూ కొరగాకుండా పోయింది. మన బీరువాలోని పుస్తకాన్ని అమ్మినవాడే వచ్చి పట్టుకుపోతే ఊరుకుంటామా?

తాళం తీసే విషయంలో మన చట్టం కాస్త నయం. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితేనే శిక్ష: రెండేళ్ల దాకా జైలు, జరిమానా. చట్టం స్పష్టంగా నిషేధించని పనికైతే ఈ సెక్షన్ అడ్డు రాదు. ఇంకొకరు సాయం చేస్తే మాత్రం మీ పేరు, చిరునామా, కారణం వాళ్లు రాసి ఉంచాలి. దుకాణం షరతులు వేరు, అవీ చదవండి. ఫైలు ఎవరికీ పంచకండి.

ఇకమీదట తాళం లేని ఈపబ్ ఫైలే అడిగి కొనండి. కాలిబర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో అది హాయిగా తెరుచుకుంటుంది. అలాంటి ఈపబ్ ఇవ్వని ప్రచురణకర్తకు ఓ ఉత్తరం ముక్క రాయండి.