నా నాలుగు కప్పులు: బొమ్మ పూత పైనా, పూత కిందా?

హాస్టల్‌లో మా రూమ్ కిటికీ గట్టు మీద నాలుగు కప్పులుంటాయి. నాలుగూ నాలుగు ప్రయాణాల్లో దొరికినవి. పోయిన సెమిస్టర్ పరీక్షల ముందు ఒకరోజు పొద్దున్నే వాటిలో ఒకదాన్ని కడుగుతున్నాను. దాని మీద మా రూమ్ వాళ్ళ ఫొటో ఉంటుంది. నలుగురం ఉండాల్సిన చోట ముగ్గురమే కనిపించాం. నాలుగోవాడి ముఖం ఉండే చోట తెల్లటి మచ్చ.

ఆ నాలుగోవాడు రెండో ఏడాది చివర్లో కాలేజీ మానేసి ఊరెళ్ళిపోయాడు. ఇంట్లో పరిస్థితులు బాగాలేవు, పైగా నాలుగు బ్యాక్‌లాగ్‌లు. వాణ్ని మేమెవరం పేరు పెట్టి పిలిచింది లేదు. అందరికీ 'మామ'.

మొదట మనసు చివుక్కుమంది. కాసేపటికి మెటలర్జీ చదివే బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. మిగతా కప్పుల మీద గుర్తులు చెక్కుచెదరలేదు కదా, దీని మీదదే ఎందుకు పోయింది? అందులోనూ వాడి ముఖమే ఎందుకు పోయింది? ఆ ప్రశ్నల వెంటపడి తెలుసుకున్నదే ఈ వ్యాసం. మన పత్రికలో కథలూ కవితలూ బాగానే వస్తున్నాయి కాబట్టి ఈసారి కాస్త ల్యాబ్ వాసన కూడా భరించండి.

మొదటి కప్పు: అరకు

మొదటి ఏడాది సెలవుల్లో నలుగురం విశాఖపట్నంలో పొద్దున్న రైలెక్కి అరకు వెళ్ళాం. కొత్తవలస–కిరండూల్ లైను అది. సొరంగం వచ్చిన ప్రతిసారీ బోగీ అంతా కేకలే. సగం కేకలు మామవే. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు, అన్నీ మొదటిసారి చూశాం. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంగతి అప్పుడు మాకు తెలీదు. చలికి కాఫీ బాగుందని తలా రెండేసి కప్పులు తాగాం, అంతే.

తిరిగి వచ్చేముందు ఒక ఫొటో షాపులో మా నలుగురి ఫొటోతో కప్పు చేయించాం. 300 రూపాయలు. తలా 75. ఎవరి దగ్గరా చిల్లర లేదని మామే మొత్తం ఇచ్చాడు.

ఆ షాపులో జరిగిన పని పేరు సబ్లిమేషన్ ప్రింటింగ్. ప్రత్యేకమైన సిరాతో ఫొటోని కుడి ఎడమలు తిరగేసి కాగితం మీద ముద్రిస్తారు. ఆ కాగితాన్ని కప్పుకి చుట్టి, వేడెక్కే పట్టీతో బిగించి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచుతారు. సిరాలోని రంగు కరిగి ద్రవం కాకుండా నేరుగా ఆవిరవుతుంది. కర్పూరం ఉదాహరణతో స్కూల్లో చదువుకున్న ఉత్పతనం అదే. ఆ ఆవిరి కప్పు మీద ముందే పూసి ఉన్న పాలియెస్టర్ లాంటి పూతలోకి దిగి, చల్లారగానే అక్కడే చిక్కుకుపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రంగు దిగింది పింగాణీలోకి కాదు, దాని మీదున్న పల్చటి ప్లాస్టిక్ పొరలోకి. మేము దాన్ని రోజూ స్టీల్ స్క్రబ్బర్‌తో తోమాం. పొర అరిగింది, పొరతోపాటు బొమ్మా పోయింది.

మరి మామ ముఖమే ఎందుకు? ఫొటోలో వాడు చివర నిలబడ్డాడు. కప్పు మీద ఆ చివర పిడి పక్కకి వచ్చింది. వేడి పట్టీ పిడి దగ్గర సరిగ్గా ఆనదు. ఒత్తిడీ వేడీ తగ్గితే రంగు లోపలికి తక్కువ దిగుతుంది. కాబట్టి వాడి బొమ్మ మొదటి రోజు నుంచే మా అందరికంటే పల్చగా ఉండి ఉండాలి. మేమే చూసుకోలేదు.

రెండో కప్పు: జైపూర్

మూడో ఏడాది ఇండస్ట్రియల్ టూర్‌లో జైపూర్ వెళ్ళినప్పుడు నీలం పువ్వుల కప్పు ఒకటి కొన్నాను. బ్లూ పాటరీ అంటారు. దీని విచిత్రం ఏమిటంటే ఇందులో మామూలు కుండల మట్టి ఉండదు. క్వార్ట్జ్ పొడి, గాజు పొడి, కాస్త ముల్తానీ మట్టి, జిగురు కలిపి ముద్ద చేసి అచ్చుల్లో వేస్తారు. ఆరాక కోబాల్ట్ ఆక్సైడ్‌తో పువ్వులు వేస్తారు. నీలం దాని నుంచే వస్తుంది. ఆ బొమ్మ మీద గ్లేజు పోసి సుమారు 800 డిగ్రీల దగ్గర కాలుస్తారు. గ్లేజు అంటే గాజుపూత. కొలిమిలో కరిగి నిజంగానే గాజవుతుంది. అంటే ఈ పువ్వులు గాజు కింద ఉన్నాయి. స్క్రబ్బర్ వాటి దాకా పోదు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ కళ అడుగంటే దశలో కృపాల్ సింగ్ షెఖావత్ అనే చిత్రకారుడు దాన్ని మళ్ళీ నిలబెట్టారు.

షాపాయన కప్పు కాగితంలో చుడుతూ "బాబూ, దీన్ని పెన్నులు పెట్టుకోడానికి వాడుకో, వేడివి పోయకు" అని హిందీలో చెప్పాడు. నేను విన్లేదు. రూముకి రాగానే చలికాలం పొద్దున్న మరుగుతున్న కాఫీ పోశాను. టిక్ మని చిన్న చప్పుడు. పువ్వు మధ్య నుంచి వెంట్రుకంత బీట.

థర్మల్ స్ట్రెస్ చాప్టర్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి. అయినా కప్పు పట్టుకున్నప్పుడు ఆ చాప్టర్ గుర్తుకు రాలేదు. జరిగింది ఇదీ: వేడి తగిలిన లోపలి గోడ వ్యాకోచించబోయింది. బయటి గోడ ఇంకా చల్లగానే ఉంది కాబట్టి లోపలి గోడ దాన్ని సాగదీసింది. పింగాణీ జాతి వస్తువులు నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటాయి గానీ సాగదీస్తే ఓర్చుకోలేవు. బయటివైపు ఎక్కడ సన్నని లోపం ఉంటే అక్కడ బీట మొదలవుతుంది.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. తక్కువ వేడికే కరగడం కోసం గ్లేజుల్లో సీసం కలిపే పద్ధతి పాతకాలం నుంచీ ఉంది. సీసం లేని గ్లేజులూ ఇప్పుడున్నాయి. ఎక్కడైనా ముచ్చటపడి రంగురంగుల కప్పు కొన్నప్పుడు అది తాగడానికా, అలంకారానికా అని అడగండి. సరైన జవాబు రాకపోతే అందులో వేడి కాఫీ గానీ నిమ్మకాయ టీ గానీ వద్దు. ఇప్పుడు మా జైపూర్ కప్పులో పెన్నులే ఉన్నాయి. ఆయన చెప్పింది అక్షరాలా జరిగింది.

మూడో కప్పు: హౌరా

ఇది కాఫీ కప్పు కాదు, చాయ్ తాగిన మట్టికప్పు. కలకత్తాలో భాఁడ్ అంటారు, ఉత్తరాదిన కుల్హడ్. 2004లో అప్పటి రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ యాదవ్ రైళ్ళలో, స్టేషన్లలో ఈ కప్పుల్ని తెప్పించారు. ఒక టెక్ ఫెస్ట్‌కి వెళ్ళి వస్తూ హౌరా స్టేషన్ బయట నేనూ మామా చాయ్ తాగాం. తాగాక అందరూ కప్పుని బుట్టలో విసిరేస్తున్నారు. మామ కూడా విసిరేశాడు. నాకు చెయ్యి రాలేదు. తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్నాను.

తెచ్చి దాంట్లో కాఫీ తాగితే రెండో రోజుకే వాసన పట్టింది. ఎంత కడిగినా పోలేదు. ఎందుకంటే దీనికి గ్లేజు లేదు. కాల్చిన వేడి కూడా తక్కువ కాబట్టి మట్టిరేణువుల మధ్య సందులు అలాగే ఉండిపోతాయి. పోసినదాన్ని కొంత ఆ సందులు పీల్చుకుంటాయి. మొదటిసారి తాగినప్పుడు వచ్చే ఆ తడిమట్టి కమ్మదనానికీ, రెండో రోజు వచ్చే పాచి వాసనకీ కారణం ఒకటే. ఇది ఒక్కసారి తాగడానికే చేసిన వస్తువు. దాచుకోవడం నా తప్పు. ఆ పూట మామ చేసిందే సరైన పని.

నాలుగో కప్పు: శిల్పారామం

హైదరాబాద్ మాదాపూర్ శిల్పారామంలో ఖుర్జా నుంచి వచ్చిన ఒకతని స్టాల్ ఉంది. ఖుర్జా ఉత్తరప్రదేశ్ బులంద్‌షహర్ జిల్లాలో ఉంది. కప్పులకీ జాడీలకీ పేరున్న ఊరు. అక్కడ మామ గోధుమరంగు కప్పొకటి బేరం చేశాడు. దాని మీద ఊరి పేరు లేదు, పువ్వు లేదు. పిడి కింద ఒక బొటనవేలి ముద్ర మాత్రం ఉంది. సెకండ్స్ కింద సగం ధరకి ఇచ్చాడు. "లోపం కాదురా, సంతకం" అన్నాడు మామ. ఊరెళ్ళేటప్పుడు అన్నీ సర్దుకుని దాన్ని గట్టు మీదే వదిలేశాడు. "నువ్వుంచుకో" అన్నాడంతే.

ఆ ముద్ర ఎలా పడిందో ఇప్పుడు తెలిసింది. కప్పు పచ్చిగా ఉన్నప్పుడే పిడిని విడిగా చేసి, అదే మట్టిని నీళ్ళలో చిక్కగా కలిపి జిగురులా రాసి అతికిస్తారు. అతుకు నిలవాలంటే వేలితో గట్టిగా నొక్కాలి. ఆ నొక్కు సరిచెయ్యకుండానే గ్లేజులో ముంచారు. ఇది స్టోన్‌వేర్, 1200 డిగ్రీలు దాటి కాలుస్తారు. ఆ వేడికి మట్టిలో కొంత భాగం కరిగి గాజై, సందులన్నీ మూసుకుపోతాయి. కప్పు దాదాపు రాయవుతుంది. అంటే ఆ ముద్ర పూత పైనా కాదు, పూత కిందా కాదు. మట్టిలోనే ఉంది. కప్పు పగిలితే తప్ప పోదు.

జైపూర్ కప్పు బీటేసినప్పటి నుంచీ దీన్ని వాడటం మానేశాను. మామ కప్పు కదా, పగిలితే ఎలా అని భయం. ఈ వ్యాసం కోసం కూర్చున్నాక ఆ భయాన్ని లెక్కలో పెట్టి చూశాను.

ల్యాబ్ త్రాసులో కప్పు బరువు 350 గ్రాములు. విశిష్టోష్ణం గ్రాముకి 0.85 జౌళ్ళు అనుకుంటే, ఒక్క డిగ్రీ వేడెక్కడానికి దానికి సుమారు 300 జౌళ్ళు కావాలి. 200 మి.లీ. కాఫీని దాదాపు నీళ్ళే అనుకుంటే దానికి సుమారు 836 జౌళ్ళు. కప్పు 25 డిగ్రీల దగ్గరా కాఫీ 85 దగ్గరా ఉండి, రెండూ కలిసి ఒకే వేడికి వచ్చేసరికి సుమారు 69 డిగ్రీలు అవుతుంది. బయటికి పోయే వేడి సంగతి పక్కన పెట్టినా, కప్పు ఒక్కటే 16 డిగ్రీలు మింగేస్తోంది. "ఈ కప్పులో కాఫీ తొందరగా చల్లారిపోతోంది" అని మేము గొణిగేది దీన్నే.

అదే మెస్‌లోని స్టీల్ గ్లాసు 80 గ్రాములుంటుంది, ఒక డిగ్రీకి 40 జౌళ్ళు చాలు. అందులో 150 మి.లీ. పోస్తే తగ్గేది 4 డిగ్రీల లోపే. కానీ పల్చటి గోడ కాబట్టి ఆ వేడంతా నేరుగా మన వేళ్ళకి తగులుతుంది. గ్లాసుకి తోడుగా డబరా ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

మందపాటి కప్పుకి మందు చాలా తేలిక. ముందు గోరువెచ్చని నీళ్ళతో తొలిచి, తర్వాత వేడినీళ్ళు పోసి ఒక నిమిషం ఉంచి పారబోసి, అప్పుడు కాఫీ పోయండి. కాఫీ వేడిగా ఉంటుంది. లోపలి గోడకీ బయటి గోడకీ వేడిలో తేడా తగ్గి బీట భయమూ తగ్గుతుంది. నెల రోజులుగా ఇలాగే తాగుతున్నాను. మామ కప్పు నిక్షేపంగా ఉంది.

మీరూ చేసి చూడండి

1. మీ కప్పు మీద బొమ్మ అంచున గోరుతో మెల్లగా గీయండి. అంచు గోరుకి తగిలితే బొమ్మ గ్లేజు పైన ఉన్నట్టు. దాన్ని స్పాంజితో మాత్రమే కడగండి. అంచు తగలకపోతే పని అయిపోలేదు, సబ్లిమేషన్ బొమ్మా నున్నగానే ఉంటుంది. ఫొటో అచ్చయిన కప్పయితే స్టీల్ పీచు తగలనివ్వకండి.

2. కప్పు తిరగేయండి. అడుగున గరుకైన వలయం కనిపిస్తుంది. అక్కడ గ్లేజు ఉంటే కొలిమిలో కరిగి బల్లకి అతుక్కుపోతుంది కాబట్టి తుడిచేస్తారు. కప్పు అసలు ఒంటిరంగు అక్కడే తెలుస్తుంది.

3. ఆ వలయం మీద ఒక చుక్క నీళ్ళు వేయండి. వెంటనే ఇంకితే కాల్చిన వేడి తక్కువ. చుక్క అలాగే నిలిస్తే బాగా కాలిన కప్పు.

4. ఆ కప్పు ఏ ప్రయాణంలో ఎవరితో ఉన్నప్పుడు కొన్నారో ఒక కాగితం మీద రాసిపెట్టండి. పూతలు అరుగుతాయి.

నాలుగోది నేనూ చేశాను. రాస్తుంటే అరకు కప్పు దగ్గర 75 రూపాయల లెక్క తగిలింది. నా వాటా నేను ఇవ్వనే లేదు. సంవత్సరం పైనైంది మామతో మాట్లాడి. ఏం మాట్లాడాలో తెలీకే ఫోన్ చెయ్యలేదు. ఇప్పుడో కారణం దొరికింది కదా అని 75 రూపాయలు ఫోన్‌పే చేసి, కింద 'అరకు కప్పు' అని రాశాను.

పది నిమిషాలకి వాడే ఫోన్ చేశాడు. ఊళ్ళో మోటార్ల వైండింగ్ షాపులో చేస్తున్నాడట. వెనక ఏదో మోటారు తిరుగుతున్న చప్పుడు. "ఏరా, రెండేళ్ళకి వడ్డీ ఏదీ?" అన్నాడు. బొమ్మ పోయిన సంగతి చెప్పాను. "పిడి పక్కన నిలబెట్టింది నువ్వే కదరా" అని నవ్వాడు. నిజమే. ఆ రోజు షాపులో ఫొటో సర్దింది నేనే.

సంక్రాంతి సెలవులకి వాళ్ళ ఊరు వెళ్తున్నాను. గోధుమరంగు కప్పు తీసుకెళ్దామనుకుంటే వద్దన్నాడు. "దాంట్లో తాగుతున్నావుగా, అక్కడే ఉండనీ. వస్తూ కాఫీ పొడి పట్రా" అన్నాడు.