వాణిజ్య విద్య – ఆచరణానుభవం

వాణిజ్యశాస్త్రం గ్రంథాలయంలో పుట్టినది కాదు, అంగడిలో పుట్టినది. జంటపద్దు విధానాన్ని అచ్చు గ్రంథంలో సమగ్రంగా వివరించిన లూకా పాచోలీ తన గ్రంథాన్ని 1494లో వెనిస్ నగరంలో ప్రకటించాడు. ఆయన ఆ విధానాన్ని కనిపెట్టినవాడు కాదు. యౌవనంలో వెనిస్‌లోని ఒక వర్తకుని బిడ్డలకు చదువు చెబుతూ, వ్యాపారపు లెక్కలు నడిచే తీరును దగ్గరనుండి చూచినవాడు. వర్తకులు అప్పటికే ఆచరిస్తున్న పద్ధతిని క్రమబద్ధం చేసి, పదిమందికీ అందించడమే ఆయన చేసిన మహోపకారం. ఆచరణ ముందు, శాస్త్రం తరువాత.

మన భాషలోనూ ఇందుకు నిదర్శనం ఉన్నది. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రశీదు, ఆవర్జా – ఇవన్నీ అరబ్బీ, పారశీక భాషలనుండి వచ్చి తెలుగువారి నిత్యవ్యవహారంలో కలిసిపోయిన మాటలు. వీటిని మనకు నేర్పినది పాఠ్యపుస్తకం కాదు, కచేరీలు, బజారులు. ఉర్దూ మాట్లాడే విద్యార్థి, తెలుగు మాట్లాడే విద్యార్థి ఒకే బల్లపై కూర్చుని లెక్క వ్రాసేటప్పుడు ఈ మాటలకు అనువాదం అక్కరలేదు.

అట్లయిన, నేటి బి.కాం. విద్యార్థి పట్టా చేతబట్టుకొని ఉద్యోగానికి వెళ్ళినప్పుడు "నీకు పని తెలియదు" అన్న మాట ఎందుకు వినవలసి వస్తున్నది? ఒక చిన్న లెక్కతో దీనిని పరిశీలిద్దాం.

బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక మనందరికీ పరిచితమైన పాఠమే. ఒక దుకాణపు నగదు పుస్తకం ప్రకారం మార్చి 31న బ్యాంకు నిల్వ రూ. 48,500. సరుకుదారునికి ఇచ్చిన రూ. 6,000 చెక్కు ఇంకా బ్యాంకులో దాఖలు కాలేదు. ఖాతాదారు ఇచ్చిన రూ. 3,000 చెక్కును బ్యాంకులో వేసినా ఇంకా వసూలు కాలేదు. బ్యాంకు తన రుసుము క్రింద రూ. 240 మినహాయించుకున్నది. 48,500కు 6,000 కలిపి, 3,000, 240 తీసివేస్తే పాసుపుస్తకపు నిల్వ రూ. 51,260 వస్తుంది. పరీక్షలో పూర్తి మార్కులు లభిస్తాయి.

అంగడిలో ఈ లెక్క ఇంత సులువుగా ఉండదు. అక్కడ తేడాలకు కారణాలను ప్రశ్నలో వ్రాసి ఎవ్వరూ ఇవ్వరు. ఒక ప్రక్క 48,500, మరొక ప్రక్క 51,260 – ఈ రెండు అంకెలే మన ముందుంటాయి. కారణం మనమే వెదకాలి. ఆ రూ. 6,000 చెక్కు నిజంగా సరుకుదారునికి చేరినదా, లేక యజమాని సొరుగులోనే ఉండిపోయినదా? చెక్కుపై వేసిన తేదీనుండి మూడు మాసాలు గడిస్తే అది చెల్లదు. 2012 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న నియమం ఇది. రూ. 3,000 చెక్కు ఆలస్యమైనదా, లేక ఖాతాలో సొమ్ము లేక తిరిగివచ్చినదా? తిరిగివచ్చిన పక్షంలో ఆ ఖాతాదారుని పేర బాకీని మరల నమోదు చేయాలి. చట్టరీత్యా చర్య కోరదలచిన యజమాని, బ్యాంకునుండి ఆ సమాచారం అందిన 30 దినాలలోగా వ్రాతపూర్వకమైన నోటీసు పంపవలసి ఉంటుంది. గుమాస్తా ఆ కాగితాన్ని దొంతరలో మరచిపోతే, యజమాని ఆ అవకాశాన్నే కోల్పోవచ్చు. తరగతిలో తప్పుకు పోయేది రెండు మార్కులు, అంగడిలో పోయేది ఒకరి సొమ్ము. ఈ బాధ్యతాజ్ఞానమే ఆచరణానుభవం నేర్పే మొదటి పాఠం.

వస్తుసేవల పన్ను 2017 జూలై 1న అమలులోకి వచ్చిన నాటినుండి ఈ అవసరం మరింత పెరిగినది. కొన్న సరుకుపై చెల్లించిన పన్నును మినహాయించుకోవాలంటే మన చేతిలో బిల్లు ఉన్నంత మాత్రాన చాలదు. అమ్మినవాడు ఆ బిల్లును తన వివరణపత్రంలో చూపాలి, అది మన లెక్కకు సరిపోవాలి. చట్టాన్ని చదివినవానికి సూత్రం తెలుస్తుంది. ఒక మాసపు బిల్లులను ఒక్కొక్కటిగా సరిపోల్చినవానికే చిక్కు ఎక్కడున్నదో తెలుస్తుంది.

అయితే ఆచరణ ఒక్కటే చాలునా? చాలదు. ఏళ్ళ తరబడి ఒకే కొట్టులో పద్దులు వ్రాసినవాడు ఆ కొట్టు పద్ధతిని మాత్రమే ఎరుగును. తరుగుదలను ఎందుకు లెక్కించాలో, మూలధన వ్యయానికీ రాబడి వ్యయానికీ భేదమేమిటో తెలియనిదే అతడు మరొక సంస్థలో నిలువలేడు. శాస్త్రం కన్ను వంటిది, అనుభవం కాలు వంటిది. కాలు లేని కన్ను ఉన్నచోటనే ఉండును, కన్ను లేని కాలు గోతిలో పడును.

ఈ రెంటినీ కలుపవలెనన్న ఆలోచన క్రొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన విద్యావిధానం చేతిపనిని కేంద్రంగా చేసుకున్నది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవాన్ని విద్యలో భాగం చేయాలని సిఫారసు చేసినది. చార్టర్డ్ అకౌంటెంటు కాదలచినవారికి ఆర్టికల్ శిక్షణ చిరకాలంగా తప్పనిసరి. మూడేళ్ళుగా ఉన్న ఆ కాలాన్ని 2023లో రెండేళ్ళకు తగ్గించారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 2014లో సవరించి, సాంకేతికేతర పట్టభద్రులకు కూడా అందులో చోటు కల్పించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక పది మాసాల ఇంటర్న్‌షిప్‌ను చదువులో చేర్చినది.

ఇక్కడ ఒక ముఖ్యవిషయం చెప్పవలసి ఉన్నది. మన వంటి కళాశాలలలో ఎందరో విద్యార్థులు ఇంటి అవసరం కొరకు సాయంకాలం బట్టల కొట్టులోనో, మందుల దుకాణంలోనో పనిచేస్తున్నారు. కొందరు విద్యార్థినులు ఇంటివద్ద తల్లితో కలిసి జర్దోజీ పని, కుట్టుపని చేస్తున్నారు. వారిలో పలువురు ఈ సంగతిని తోటివారికి చెప్పడానికి సంకోచిస్తారు. ఆ సంకోచం తగదు. దారం ఖరీదెంత, కూలి ఎన్ని గంటలది, దళారి ఎంత ఉంచుకున్నాడు అని ఒక కాగితంపై వ్రాసిననాడు అదే ఉత్పత్తి వ్యయ లెక్క అవుతుంది. ఆ లెక్క చూచిన తల్లి మరుసటి సారి ఎంత కూలి అడగాలో తెలుసుకుంటుంది. చదువు ఇంటికి చేయగల మేలు ఇంతకంటె ఏమున్నది?

కాని పని పేరిట జరిగే నష్టాలను కూడా గుర్తించాలి. శిక్షణ అని పిలిచి నెలల తరబడి కాగితాలు మోయించడం శిక్షణ కాదు. చేతికి వచ్చే కొద్దిపాటి జీతం చూచి మూడవ సంవత్సరపు పరీక్ష మానుకొనడం అంతకన్న పెద్ద నష్టం. ఆ జీతం నేటి అవసరాన్ని తీర్చును, పట్టా రేపటి ద్వారాన్ని తెరచును. ఉపాధ్యాయులు కూడా, వెనుక బల్లపై కునుకు తీసే విద్యార్థిని మందలించే ముందు, రాత్రి అతడు ఎన్ని గంటలకు ఇల్లు చేరినాడో ఒక్కసారి అడగవలసి ఉన్నది.

కనుక విద్యార్థులు కొన్ని నియమాలు పాటించుట మేలు. పనిలో చేరేముందు కాలం, వేళలు, భృతి, నేర్పబోయే పని ఏమిటో వ్రాతపూర్వకంగా తీసుకొనండి. ప్రతిదినం చేసిన పనిని ఒక చిన్న పుస్తకంలో వ్రాసి, అది ఏ పాఠానికి చెందినదో ప్రక్కన గుర్తించండి. అర్థం కానిదానిని మరునాడు తరగతిలో అడగండి. యజమాని లెక్కల రహస్యాన్ని బయట పెట్టకండి. తప్పు చేసిన పద్దును చెరిపివేయక, సవరణ పద్దు వ్రాయండి. చివరిగా, పని ముగిసిననాడు అనుభవ ధ్రువపత్రం అడిగి తీసుకొనండి.

పద్దులో ప్రతి డెబిట్‌కూ ఒక క్రెడిట్ ఉండవలెనన్నది మన శాస్త్రపు మూలసూత్రం. చదివిన ప్రతి పాఠానికీ ఎదుట చేసిన పని ఒకటి, చేసిన ప్రతి పనికీ ఎదుట చదివిన పాఠం ఒకటి ఉన్ననాడే విద్యార్థి జీవితపు అంకణా సరిపోతుంది.