నిదానం

పాఠ్యభాగ ఉద్దేశం

కార్యాన్ని బట్టి కారణాన్ని నిర్ణయించే పద్ధతిని, ఒక యంత్రాన్ని ఉదాహరణగా తీసుకొని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'నిదానం' అనే మాటకు తెలుగువారి వాడుకలో నెమ్మది అని అర్థం. ఆయుర్వేదంలో ఆ మాటకే రోగకారణాన్ని నిర్ణయించడం అని అర్థం. మాధవకరుడు రచించిన 'మాధవనిదానం' అనే వైద్యగ్రంథం పేరులో ఉన్నది ఈ రెండవ అర్థమే. మానవ శరీరానికి వలెనే యంత్రానికీ నిదానం అవసరం. కారణం తెలియకుండా చేసిన మరమ్మతు యజమాని ధనాన్ని హరిస్తుంది. ప్రమాదాన్ని మాత్రం ఉన్నచోటనే ఉంచుతుంది.

ప్రకాశం సీమ పడమటి భాగాన ఉన్న మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలకు నల్లమల కొండలు పెట్టనికోట. గిద్దలూరు నుండి నంద్యాలకు వెళ్ళే బాట దిగువమెట్ట దాటి అడవిలో ప్రవేశిస్తుంది. మార్కాపురం నుండి శ్రీశైలానికి వెళ్ళే యాత్రికులు దోర్నాల మీదుగా కనుమ ఎక్కుతారు. రెండు దారులలోనూ మలుపు వెంట మలుపు వస్తుంది. తిన్నని రహదారిపై మౌనంగా ఉన్న దోషం ఈ కనుమదారులలో నోరు విప్పుతుంది. స్టీరింగు బాగా తిప్పినప్పుడల్లా కారు ముందుభాగం నుండి 'టక్ టక్' మనే శబ్దం వినవస్తుంది. దారి తిన్నగా సాగగానే ఆ శబ్దం ఆగిపోతుంది. ఆగిపోయింది కదా అని దానిని పెడచెవిన పెట్టేవారే ఎక్కువ.

ఈ శబ్దం ఎక్కడిది? పూర్వపు అంబాసిడర్ కారులో ఇంజను బలం వెనుక చక్రాలకు చేరేది. దారి మళ్ళించడమే ముందు చక్రాల పని. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత, ముందు చక్రాలే బండిని లాగే కార్లు మన దేశంలో విస్తరించాయి. వీటిలో ముందు చక్రం ఏకకాలంలో రెండు పనులు చేయాలి: ఇంజను బలంతో తిరగాలి, మలుపును బట్టి పక్కకు మళ్ళాలి. అందుకోసం ఒక్కొక్క చక్రానికి బలం చేరవేసే ఇరుసుకు రెండు కీళ్ళు అమర్చుతారు. గేరుబాక్సు వైపు ఉన్నది లోపలి కీలు. చక్రం వైపు ఉన్నది వెలుపలి కీలు.

రాబర్ట్ హుక్ పేరుతో ప్రసిద్ధమైన పాతకాలపు కీలు వంగి తిరిగినప్పుడు, ఒక్కొక్క చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి తగ్గుతుంది. ఈ లోపం లేని కీలును 1926లో ఫోర్డ్ సంస్థ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా రూపొందించాడు. గిన్నె వంటి భాగంలో గాళ్ళు, ఆ గాళ్ళలో దొర్లే ఆరు ఉక్కు గుండ్లు దాని నిర్మాణం. ఎంత వంగినా వేగం మారదు కనుక అది 'స్థిరవేగ కీలు'. మెకానిక్కులు దానినే 'సి.వి. జాయింట్' అంటారు.

ఈ కీలుకు ప్రాణం గ్రీజు. గ్రీజుకు రక్షణ ముడతలు గల రబ్బరు తొడుగు. దానిని 'బూటు' అంటారు. ఎండకూ వయసుకూ రబ్బరు బీటలు వారుతుంది. చక్రవేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది. ఆ చీలిక గుండా దుమ్ము లోపలికి చేరుతుంది. పలకలకు పేరుపొందిన మార్కాపురం పరిసరాలలో రాతిగనుల దారుల దుమ్ము తక్కువైనది కాదు. అది గ్రీజులో కలిసి గుండ్లనూ గాళ్ళనూ అరగదీస్తుంది. కారు మలుపు తిరిగినప్పుడు గుండ్లు అరిగిన గాళ్ళలో అటూ ఇటూ కదలి కొట్టుకుంటాయి. మనకు వినిపించే 'టక్ టక్' అదే.

పొగను చూసి కొండపై నిప్పు ఉన్నదని ఊహించడం తర్కశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. అయితే పొగమంచును పొగ అని భ్రమపడిన వాడికి నిప్పు దొరకదు. కనుక శబ్దాన్ని పరీక్షించాలి. ముందుగా చక్రాల నట్లు వదులైనాయేమో, టైరులో రాయి ఇరుక్కున్నదేమో చూడాలి. తరువాత ఖాళీ మైదానంలో స్టీరింగును పూర్తిగా ఒకవైపు తిప్పి, కారును మెల్లగా గుండ్రంగా నడపాలి; పిమ్మట రెండవ వైపు. చక్రవేగంతో పాటు శబ్దం వడి పెరిగితే వెలుపలి కీలును అనుమానించాలి. ఎడమకు తిరిగినప్పుడు శబ్దం హెచ్చితే సాధారణంగా దోషం కుడి చక్రం వైపు ఉంటుంది. కుడికి తిరిగినప్పుడు హెచ్చితే ఎడమ వైపు. బూటు చినిగి, చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే అనుమానం బలపడుతుంది. కారు నిలిచి ఉండగా స్టీరింగు తిప్పితేనే శబ్దం వస్తే, సస్పెన్షన్‌నో స్టీరింగు భాగాలనో పరిశీలించాలి. తిన్నగా వెళ్తూ వేగం పెంచినప్పుడు కుదుపు వస్తే లోపలి కీలును చూడాలి.

ఇక చికిత్స. బూటు చినిగినా శబ్దం ఇంకా మొదలు కాకపోతే, కీలును శుభ్రపరచి, తగిన గ్రీజు నింపి, కొత్త బూటు తొడిగితే సరిపోతుంది. శబ్దం మొదలైన తరువాత గ్రీజు నింపడం నొప్పిని మరపించే మందు వంటిదే. అరిగిన లోహం తిరిగి పెరగదు. అప్పుడు కీలునో, ఇరుసు మొత్తాన్నో మార్చవలసిందే. కారు కిందికి వెళ్ళేటప్పుడు జాకీని మాత్రమే నమ్మరాదు; గట్టి స్టాండు పెట్టి, వెనుక చక్రాలకు అడ్డు వేయాలి. ఇరుసు చివరి నట్టు కొత్తది వేసి, తయారీదారు చెప్పిన బిగువుకే బిగించాలి.

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఇక్కడే కనిపిస్తుంది. చిన్న రబ్బరు తొడుగును ఉపేక్షిస్తే ఇరుసుకే ముప్పు. కీలు విరిగితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది కాని కారు కదలదు. ఒక పక్క చక్రానికి బలం అందనప్పుడు రెండవ చక్రం కూడా బండిని లాగలేదు. పిల్లలూ వృద్ధులూ ఉన్న కారు రాత్రివేళ నల్లమల మలుపులో అలా నిలిచిపోతే కలిగే కష్టం ఊహించదగినదే. అందువల్ల అనుభవజ్ఞుడైన మెకానిక్కు పానా పట్టకముందు చెవి ఒగ్గుతాడు. నెమ్మదిగా విని, కారణం తేల్చుకొని, ఆపైన చేయి పెడతాడు. 'నిదానం' అనే మాటకున్న రెండు అర్థాలూ అతని పనిలో కలిసి ఉన్నాయి.

పదాలు – అర్థాలు

పెట్టనికోట = సహజమైన రక్షణ
కనుమ = కొండల నడుమ దారి
పెడచెవిన పెట్టు = లక్ష్యపెట్టకపోవు
ఉపేక్షించు = అశ్రద్ధ చేయు
చెవి ఒగ్గు = శ్రద్ధగా విను

ప్రశ్నలు

1. 'నిదానం' అనే పదానికి గల రెండు అర్థాలను తెలిపి, పాఠ్యభాగంతో సమన్వయించండి.
2. మలుపులో శబ్దం రావడానికి గల కారణాలను వివరించండి.
3. పొగ, పొగమంచుల పోలికను రచయిత ఎందుకు చెప్పాడు?
4. 'గోటితో పోయేదానికి గొడ్డలి' – ఈ సామెతను సొంత ఉదాహరణతో వివరించండి.