పడవలో మన పక్కన ఎవరుంటారు?

సెలవుల మాట వచ్చిందంటే చాలు, "ఎక్కడికి?" అని అడుగుతాం, ఆ వెంటనే "ఎంతవుతుంది?" అంటాం. "ఎవరితో?" అని మాత్రం అడగం. హోటల్లో దిగేటప్పుడు అడక్కపోయినా పరవాలేదు. పక్కవాళ్ళు నచ్చకపోతే తలుపు వేసుకుంటాం, మర్నాడు ఇంకో బల్ల దగ్గర కూర్చుని టిఫిన్ తింటాం. కానీ ముక్కూమొహం తెలియని పది పదిహేనుమందితో చిన్న పడవ ఎక్కి సముద్రం మీద రాత్రులు గడపాలంటే, అన్నిటికంటే ముందు అడగాల్సింది ఆ ప్రశ్నే. ఈ నెల నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే.

టర్కీ పడవ యాత్ర గురించి ఈమధ్య మన ఆడవాళ్ళు బాగా అడుగుతున్నారు. నేను వెళ్ళొచ్చిందీ అదే కాబట్టి దాని సంగతే చెప్తాను. టర్కీకి నైరుతి మూలన ఫెతియే అనే రేవు పట్టణం ఉంది. అక్కణ్ణించి "గులెట్" అనే చెక్క పడవలు బయల్దేరతాయి. వెనకభాగం వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. పైన రెండు తెరచాప స్తంభాలు, కింద బుల్లి బుల్లి క్యాబిన్లు. కెప్టెను, వంటాయన, తాళ్ళు లాగే కుర్రాళ్ళు ఒకరిద్దరు. పడవ మొత్తం మనమే మాట్లాడుకోవచ్చు, లేదంటే ఒక్క క్యాబిన్ తీసుకుని మిగతావాళ్ళతో కలిసి వెళ్ళచ్చు. బాగా నడిచేది ఫెతియే నుంచి ఒలింపోస్ వరకు 4 పగళ్ళు, 3 రాత్రుల యాత్ర. పడవ సాధారణంగా దెమ్రె దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత బస్సులో తీసుకెళ్తారు. బోద్రుమ్, మార్మరిస్ రేవుల నుంచి వారం రోజులవీ ఉన్నాయి.

ఈ యాత్రల పుట్టుక తెలుసుకున్నప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో! జెవాత్ షాకిర్ అనే రచయితని, తను రాసిన ఒక రాతకి శిక్షగా 1925లో బోద్రుమ్‌కి ప్రవాసం పంపారు. ఆయన ఆ ఊరినీ ఆ సముద్రాన్నీ ఎంతగా ప్రేమించాడంటే, శిక్ష తీరాక మళ్ళీ అక్కడికే వచ్చి ఉన్నాడు. తర్వాత్తర్వాత తన స్నేహితులైన రచయితల్నీ చిత్రకారుల్నీ పిలిచి, సముద్రంలో స్పాంజి ఏరుకొచ్చేవాళ్ళ మామూలు పడవల్లో తిప్పాడు. హోమర్ ఇలియడ్‌ని ఇంకొకరితో కలిసి టర్కిష్‌లోకి తెచ్చిన అజ్రా ఎర్హాత్ కూడా ఆ బృందంలో మనిషే. "నీలి యాత్ర" అని అర్థం వచ్చే పేరుతో ఆవిడ 1962లో పుస్తకం రాసింది. ఆ పడవల్లో సుఖాలేమీ లేవర్రా. ఉన్నదల్లా మనసు కలిసిన మనుషులు. స్నేహం ముందు పుట్టింది, టూర్ వ్యాపారం ఆ తర్వాత వచ్చింది. మనం ఇప్పుడు ఏసీ ఉందా, వైఫై ఉందా అని అడుగుతున్నాం గానీ, ఆ మొదటి యాత్రల్ని నిలబెట్టిన సంగతిని అడగడం మరిచిపోతున్నాం.

పడవ మీద బతుకు ఎలా ఉంటుందో కాస్త చెప్పనివ్వండి. ఎక్కగానే చెప్పులన్నీ ఒక బుట్టలో వేసేయాలి, ఇక అందరూ ఉత్త కాళ్ళతోనే. సాయంత్రం ఏదో ఒక చిన్న వంపులోకి పడవ వెనక్కి వెనక్కి వెళ్తుంది. ముందువైపు లంగరు గలగలమంటూ దిగుతుంది. కుర్రాడు మోకు పట్టుకుని నీళ్ళలోకి దూకి, ఒడ్డున బండకో పైన్ చెట్టుకో కట్టేసి వస్తాడు. ఆ రాత్రికి మన ఊరు అదే. వెనకవైపు పెద్ద బల్ల, దాని చుట్టూ మెత్తలు. మూడు పూటలా భోజనం ఆ ఒక్క బల్ల మీదే. వంకాయ కూర, పెరుగు పచ్చడి, పప్పు సూపు, గోధుమ నూకతో వండిన అన్నం, టమాటాలు, పుచ్చకాయ. శాకాహారులకి ఇబ్బందేం లేదు, ముందే చెప్పి పెట్టుకుంటే చాలు.

గెమిలెర్ దీవి దగ్గర పాత బైజాంటిన్ చర్చిల శిథిలాలు చూసి వచ్చేసరికి, ఓ చిన్న పడవలో భార్యాభర్తలు మా పక్కకి వచ్చారు. ఆవిడ ఒళ్ళో పీట పెట్టుకుని, సన్నటి కర్రతో పిండిని కాగితంలా ఒత్తి, బంగాళదుంపా పాలకూరా పెట్టి మడిచి, బోర్లించిన పెనం మీద కాలుస్తోంది. దాన్ని గోజ్లెమె అంటారు. పడవ ఊగుతూనే ఉంది, ఆవిడ చెయ్యి మాత్రం తొణకలేదు. మా పడవలో అందరం అంచున వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని తిన్నాం. అప్పటిదాకా మొహమాటంగా ఉన్నవాళ్ళు కూడా అక్కడ మాట కలిపారు.

చెప్పొచ్చేదేమిటంటే, ఆ పడవ నాలుగు రోజుల ఉమ్మడి కుటుంబం. ఒకరు తుమ్మితే అందరికీ వినిపిస్తుంది. క్యాబిన్ల మధ్య ఉండేది పల్చటి చెక్క. జులై, ఆగస్టుల్లో కింద ఉక్కపోత భరించలేక చాలామంది పైన డెక్ మీదే పక్కలు వేసుకుంటారు. కొత్తవాళ్ళ పక్కన, నక్షత్రాల కింద నిద్ర. తోడు కుదిరితే అంతకంటే భాగ్యం లేదు. కుదరకపోతే దిగిపోవడానికి స్టేషన్ రాదు కదా!

నాకు కుదిరింది. రిటైరైన టీచర్ దంపతులు, ఒక తల్లీకూతుళ్ళు, పుస్తకం కింద పెట్టని ఒకావిడ. భోజనాల దగ్గర కబుర్లు, మిగతా వేళల్లో ఎవరి లోకం వాళ్ళది. మా వదినకి ఇంకో ఏడు ఇంకో పడవలో అలా జరగలేదు. అందరూ పాతికేళ్ళ పిల్లలు. రాత్రి రెండింటిదాకా పాటలు, డాన్సులు. పాపం, మూడు రాత్రులూ ఆవిడకి కంటిమీద కునుకు లేదు. ఆ పిల్లల తప్పేముంది చెప్పండి? వాళ్ళ సెలవులు వాళ్ళవి. వాళ్ళకీ ఓ మూల ముడుచుకు పడుకున్న పెద్దావిణ్ణి చూస్తే ఇబ్బందే అయ్యుంటుంది. ఇక్కడ చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ వేళకీ ఆ పడవ వేళకీ పొంతన లేదు, అంతే. ఆ పొంతన ముందే చూసుకోవచ్చని నా బాధ.

ఎలా చూసుకోవాలి? మొదట వయసు సంగతి. ఈ యాత్రల్లో కొన్ని పడవలు కుర్రకారు కోసమే నడుస్తాయి, కొన్ని అన్ని వయసులవాళ్ళవి. మీరు అనుకున్న తేదీకి ఇప్పటికే ఎవరెవరు బుక్ చేసుకున్నారు, జంటలా, కుటుంబాలా, చిన్నపిల్లలున్నారా అని అడగండి. పేర్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ గుంపు ఎలాంటిదో చెప్పడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. దాటవేస్తే అదీ ఒక జవాబే. మే, జూన్, సెప్టెంబరు నెలల్లో ఎండా తక్కువ, రద్దీ తక్కువ. నిదానం కోరుకునేవాళ్ళు ఎక్కువగా అప్పుడే వస్తారు.

తర్వాత రాత్రి కట్టుబాట్లు. పాటలు ఎన్నింటికి ఆపుతారు? జనరేటర్ ఎప్పుడు కట్టేస్తారు? సిగరెట్లు ఎక్కడ కాలుస్తారు? తాగేవాళ్ళ బిల్లు విడిగా ఉంటుందా, అందరిమీదా పంచుతారా? సాధారణంగా పానీయాలకి విడిగా లెక్క రాసి చివర్లో తీసుకుంటారు. ఒంటరిగా వెళ్ళే చెల్లెళ్ళు ఇంకొకటి తప్పకుండా అడగాలి. క్యాబిన్‌లో రెండో మంచం ఎవరికిస్తారు, ఆడవాళ్ళకేనా? ఒక్కరికే గది కావాలంటే అదనంగా ఎంత కట్టాలి? ఈ జవాబులు రాతలో ఉండాలి.

ఇంకొక మెలిక. గులెట్లకి తెరచాపలున్నా ఎక్కువసేపు ఇంజను మీదే నడుస్తాయి. గాలికి చాప విప్పి, తాడు లాగి, చుక్కాని పట్టాలన్న కోరిక మీకుంటే కెప్టెన్‌తో వచ్చే చిన్న సెయిలింగ్ యాట్ చూసుకోండి. అందులో ఇంకా తక్కువమంది, పనిలో అందరూ చెయ్యి వెయ్యాలి. ఈత, తిండి, నిద్ర చాలనుకునేవాళ్ళు ఆ పడవ ఎక్కితే మిగతావాళ్ళకి బరువు. పనిచేయాలని ఉబలాటపడేవాళ్ళు గులెట్ ఎక్కితే విసుగు. సముద్రం నుంచి మనకేం కావాలో తేల్చుకుంటే సగం తోడు కుదిరినట్టే.

భద్రత విషయంలో మొహమాటం వద్దే వద్దు. 2019 సెప్టెంబరులో మన గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి జరిగిన ఘోరం మనమెవరమూ మరిచిపోలేదు. ఎక్కగానే లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూపించమనండి. మధ్యాహ్నం గాలి లేస్తే కెప్టెన్ దారి మారుస్తాడు, ఓ చోటు వదిలేస్తాడు. "డబ్బు కట్టాం, అది చూడాల్సిందే" అని పట్టుబట్టేవాళ్ళు పడవకి ప్రమాదం. అలాగే దారిలో కేకోవా దీవి దగ్గర రెండో శతాబ్దంలో భూకంపానికి మునిగిపోయిన ఊరి గోడలు, మెట్లు నీళ్ళలో కనిపిస్తాయి. ఆ శిథిలాల దగ్గర ఈత నిషేధం. అక్కడ దూకబోయేవాళ్ళని ఆపడం కూడా తోటి ప్రయాణికుల ధర్మమే.

మనకి మంచి తోడు కావాలంటే మనమూ మంచి తోడు కావాలి కదా. పడవలో మంచినీళ్ళ ట్యాంకు చిన్నది, తలంటుకి కాదు. టాయిలెట్లో కాగితం వేయకూడదు, గొట్టం పూడితే అందరికీ కష్టం. పెద్ద సూట్‌కేసుకి చోటుండదు, మెత్తటి సంచీ తీసుకెళ్ళండి. ఫోన్ స్పీకర్లో పెట్టి ఇంటికి మాట్లాడకండి. మనం నలుగురం తెలుగువాళ్ళం ఉంటే బల్ల దగ్గర గంటలకొద్దీ తెలుగులోనే మాట్లాడుకుని పక్కవాళ్ళని పరాయివాళ్ళని చేయకండి.

"ఎందుకొచ్చిన గొడవ, మన స్నేహితులమే కలిసి పడవంతా తీసుకుందాం" అంటారా? హాయిగా తీసుకోండి. అయినా ఇవే ప్రశ్నలు మీలో మీరూ వేసుకోండి. పొద్దున్నే లేచేవాళ్ళెవరు, ఖర్చుకి వెనకాడేవాళ్ళెవరు, ఈత రానివాళ్ళెవరు? ఇరవయ్యేళ్ళ స్నేహం ఉన్నంత మాత్రాన పడవలో వేళలు కలుస్తాయని లేదు. ముందే తెలిస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు.

డబ్బు కట్టే ముందు పడవవాళ్ళకి నాలుగు ముక్కలు రాయండి. నేనైతే ఇలా రాస్తాను: "మేము ఇద్దరం ఆడవాళ్ళం, యాభై దాటినవాళ్ళం. పొద్దున్నే లేస్తాం, రాత్రి పదకొండుకి నిశ్శబ్దం కావాలి. మాంసం తినం. ఒకరికే ఈత వచ్చు. కబుర్లంటే ఇష్టం, పార్టీలు వద్దు. ఇలాంటివాళ్ళు వెళ్ళే పడవ మీ దగ్గర ఏ తేదీన ఉంది?" మీరు పాతికేళ్ళవాళ్ళయి, రాత్రంతా ఆడిపాడాలనుకుంటే ఆ మాటే రాయండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వచ్చే జవాబు ఓపిగ్గా, ప్రతి ప్రశ్నకీ విడివిడిగా ఉందంటే ఆ పడవ వాళ్ళకి మనుషుల మీద పట్టింపు ఉందన్నమాట. ధర కాస్త ఎక్కువైనా అదే ఎక్కండి.