నేత్రపటల శస్త్రచికిత్స – మత్తుమందు పాత్ర

ఇంద్రియములన్నింటిలో కన్ను ప్రధానమని పెద్దలు చెబుతారు. కెమెరాకు ఫిల్ము ఎట్టిదో కంటికి నేత్రపటలం, అనగా రెటీనా, అట్టిది. ఈ పలుచని పొర తన స్థానం నుండి ఊడినచో చూపు క్రమంగా నశిస్తుంది. నేడు దీనికి అతి సూక్ష్మమైన రంధ్రాల ద్వారా శస్త్రచికిత్స జరుగుతున్నది. అయితే గాయం చిన్నదైనంత మాత్రాన మత్తు విషయమై వహించవలసిన జాగ్రత్త చిన్నది కాదు. ఈ సంగతిని విద్యార్థులకు తెలియజేయడమే మా ఉద్దేశం.

1846లో బోస్టన్ నగరంలో ఈథర్ ప్రయోగం విజయవంతమైనది. కాని ఈథర్ తరువాత వచ్చే వాంతులు, దగ్గు కంటి గాయానికి హాని చేసేవి. 1884లో వియన్నాకు చెందిన యువవైద్యుడు కార్ల్ కోలర్ కొకెయిన్ చుక్కలతో కంటిని మొద్దుబారేటట్లు చేయవచ్చునని నిరూపించాడు. హైడల్‌బర్గ్ సభకు వెళ్లుటకు దారిఖర్చులు లేక, తన పత్రాన్ని మరొక వైద్యునిచేత చదివించాడు. స్థానిక మత్తుకు అదే నాంది.

మన హైదరాబాదుకు కూడా ఈ చరిత్రలో స్థానమున్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్థిక సహాయంతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాలలో క్లోరోఫాం కమిషన్లు ఇక్కడ పనిచేసినవి. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదనీ, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలుననీ అవి తేల్చినవి. ఆ అభిప్రాయం సంపూర్ణ సత్యం కాదని 1911లో లెవీ ప్రయోగాలు రుజువు చేసినవి. శ్వాసతోపాటు గుండెను కూడా గమనించవలసినదే. కంటి విషయంలో ఇది మరింత ముఖ్యం. ఎందుకనగా కంటి కండరాలను లాగినప్పుడు గుండె వేగం హఠాత్తుగా తగ్గవచ్చునని 1908లోనే గుర్తించారు. అట్టి సమయంలో శస్త్రవైద్యుడు లాగుట ఆపుతాడు. అవసరమైనచో మత్తు వైద్యుడు అట్రోపిన్ ఇస్తాడు.

ఊడిన నేత్రపటలానికి చికిత్స లేదనుకొనే కాలంలో, 1920 దశకంలో, స్విట్జర్లాండుకు చెందిన జూల్స్ గోనిన్ దానిలోని చిరుగును మూసివేస్తే చూపు దక్కుతుందని చూపాడు. 1970 ప్రాంతంలో మయామీలో రాబర్ట్ మాఖెమర్ కంటి లోపలి విట్రియస్ అనే జిగట పదార్థాన్ని తొలగించే పద్ధతిని నెలకొల్పాడు. 2002 నాటికి సుమారు అర మిల్లీమీటరు వ్యాసం గల పరికరాలు వచ్చినవి. వీటి వల్ల సాధారణంగా కుట్లు అవసరముండదు. గాయం త్వరగా మానుతుంది.

ఇట్టి శస్త్రచికిత్సలు పెద్దవారిలో ఎక్కువగా స్థానిక మత్తుతోనే జరుగుతాయి. సూదితో కంటి వెనుకకు మందు ఎక్కించేటప్పుడు కనుగుడ్డుకు సూది తగిలే ప్రమాదం అరుదుగా ఉన్నది. హ్రస్వదృష్టి వల్ల పొడవైన కన్ను గలవారిలో ఇది అధికం. అందుచే మొద్దు మొన గల గొట్టంతో కంటి పొర కింద మందు పంపే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చినది. పసిపిల్లలకు, కదలక పడుకొనలేనివారికి సంపూర్ణ మత్తే శరణ్యం. తగిన రోగికి తగిన మత్తు ఎన్నుకొన్నప్పుడు ఫలితం ప్రధానంగా వ్యాధి తీవ్రతపైనా, చికిత్సకు వచ్చిన కాలంపైనా ఆధారపడుతుంది.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక. నేత్రపటలాన్ని అదిమి ఉంచుటకు కంటిలో వాయువు బుడగను నింపుతారు. వాయువును బట్టి అది రెండు వారాల నుండి సుమారు రెండు నెలల వరకు నిలుస్తుంది. ఆ కాలంలో మరేదైనా శస్త్రచికిత్స కొరకు నైట్రస్ ఆక్సైడ్ వాయువుతో మత్తు ఇచ్చినచో, ఆ వాయువు బుడగలో చేరి దానిని ఉబ్బిస్తుంది. కంటిలో ఒత్తిడి పెరిగి, రక్తప్రసరణ ఆగి, చూపు శాశ్వతంగా పోవచ్చును. విమాన ప్రయాణం కూడా ఇందుచేతనే నిషిద్ధం. "నా కంటిలో వాయువు ఉన్నది" అని రోగి గాని, అతని బంధువు గాని చెప్పే ఒక్క మాట కంటిని కాపాడగలదు.

విద్యార్థులారా! మీ ఇంట పెద్దలు కంటిలో మెరుపులు, నల్లని చుక్కలు, తెర దిగినట్లు నీడ కనబడుతున్నవని చెబితే వయోధర్మమని ఊరకుండకండి. నేత్రవైద్యుని వద్దకు వెంటనే తీసుకొని వెళ్లండి. చికిత్స ముగిసి ఇంటికి వచ్చిన తరువాత, వైద్యుడు వ్రాసి ఇచ్చిన చీటీని చదివి వారికి వినిపించండి. చదువుకొన్నవారిగా మనం చేయగల సేవ ఇది.