గ్రీసుదేశపు అడవిమొక్కలు

మా పాఠశాల తోటను శుభ్రపఱచు దినమున మేమందఱము కలుపు పెఱుకుచుంటిమి. మేము నాటని మొక్క యేది కనబడినను దానిని "పిచ్చిమొక్క" యని పెఱికి గోడప్రక్కను కుప్పవోసితిమి. సాయంకాలమున వసతిగృహపు వంటమనిషి యా కుప్పయొద్ద కూర్చుండి యేదో యేరుకొనుచుండెను. ఏమని యడుగగా, "గంగవాయిలి కూర, నాయనలారా! ఎవరైనా పారేస్తారా?" అనెను. ఆ రాత్రి మాకు పప్పులో వడ్డింపబడినది మేము పెఱికివేసిన పిచ్చిమొక్కయే.

మఱునాడు తరగతిలో నీ సంగతి చెప్పగా మా యుపాధ్యాయులు నవ్వి, గ్రీసుదేశస్థులు ఈ గంగవాయిలి కూరనే ఉప్పును ఆలివునూనెయు చేర్చి పచ్చిగా తిందురనియు, మా పాఠశాల ద్వారముచెంత పూయుచున్న గన్నేరు ఆ దేశమున నెండిన వాగులలో తనంతట తానే మొలచి గుంపులుగా పెరుగుననియు చెప్పిరి. అంతవఱకు గ్రీసుదేశమన మాకు సోక్రటీసు, అలెగ్జాండరు మొదలగు పేళ్లు మాత్రమే జ్ఞప్తికి వచ్చుచుండెను. నాటినుండి ఆ దేశపు అడవిమొక్కలనుగూర్చి చదివి, తెలిసికొన్నదానిలో ముఖ్యాంశములను తోడి విద్యార్థుల కిచ్చట నివేదించుచున్నాము.

దేశస్థితి

గ్రీసుదేశము ఐరోపాఖండమున ఆగ్నేయభాగమందున్నది. దాని వైశాల్యము సుమారు 1,32,000 చదరపు కిలోమీటర్లు. అనగా నేటి ఆంధ్రప్రదేశముకంటె చిన్నది. నేలలో నధికభాగము కొండలే. వానిలో నెత్తయిన ఒలింపసు పర్వతము 2,917 మీటర్లు. చుట్టునున్న సముద్రమున వేలకొలది దీవులు చెదరియున్నవి. అందు జనులు నివసించునవి రెండువందలకు మించియుండును. అన్నిటిలో పెద్దది క్రీటు.

ఏథెన్సు నగరమున సంవత్సరమునకు కురియు వర్షము సుమారు 400 మిల్లీమీటర్లు. కఱవుసీమయని పేరుపడిన మన అనంతపురమున సైతము సుమారు 550 మిల్లీమీటర్లు కురియును. అయితే వర్షపరిమాణముకంటె అది కురియు కాలము ముఖ్యము. మనకు నైరృతి ఋతుపవనములు వానలు తెచ్చు జూన్, జూలై, ఆగస్టు నెలలలో గ్రీసున ఆకాశము నిర్మలమై, వాన దాదాపు లేకయే యుండును. అక్కడ వానలు శీతకాలమున పడమటి గాలులతో వచ్చును. మన మొక్కకు వేడిమియు నీరును ఒక్కసారియే లభించును. గ్రీసు మొక్కకట్లు కాదు. నీరున్నప్పుడు చలి, ఎండ యున్నప్పుడు నీరు లేదు. ఈ చిక్కును ఒక్కొక్క మొక్క యెట్లు విడదీసికొనెనో తెలిసికొనుటయే ఆ దేశపు వృక్షశాస్త్రమున ముఖ్యపాఠము.

ఎండను తాళు ఉపాయములు

మొదటిది, ఆకును చిన్నదిగను గట్టిదిగను చేసికొనుట. అడవి ఆలివు, ముండ్ల యాకుల ఓకు మొదలగునవి సంవత్సరమంతయు పచ్చగా నుండి, తోలువంటి యాకులతో నీటిని కాపాడుకొనును.

రెండవది, పరిమళతైలము. థైము, ఒరెగానో, సేజి యను గుబురుమొక్కలు రాతినేలలపై మోకాలెత్తున పెరుగును. ఇవి మన తులసి కుటుంబమునకు చెందినవి. థైము ఆకును నలిపినచో వాసన మన వామును తలపించును. రెండింటియందును థైమాలు అను ద్రవ్యమే యుండుట దానికి కారణము. ఈ ఘాటువలన పశువులు వానిని తఱచుగా మేయవు. తేనెటీగలకు మాత్రము థైము పువ్వులు ఇష్టము. థైము తేనె ఆ దేశమున ప్రాచీనకాలమునుండి ప్రసిద్ధము.

మూడవది, ఋతువునుబట్టి ఆకులు మార్చుట. కొన్ని పొదలు శీతకాలమున పెద్ద యాకులు తొడిగి, వేసవి రాగానే వానిని రాల్చి చిన్న యాకులు తొడుగును. మనము ఋతువునుబట్టి వస్త్రములు మార్చుట వంటిదే యిది.

నాల్గవది, భూమిలో దాగుట. సముద్రపు అడవియుల్లి వసంతమున ఆకులు మాడ్చుకొని గడ్డలో నిద్రించును. వేసవి కడపట, నేల యింకను ఎండియుండగనే, ఆకొక్కటియు లేకుండ మనిషి నడుమెత్తు పూలకంకిని పైకి పంపును. ఈ గడ్డను పెఱికి వ్రేలాడగట్టినను చిగుర్చును. అందుచేత క్రీటువాసులు నూతనసంవత్సర దినమున దీనిని దీర్ఘాయువునకు గుర్తుగా గుమ్మమున కట్టుదురు. మన గుట్టలపై మొలచు నక్కవుల్లి దీనికి దగ్గఱి చుట్టము.

ఐదవది, ఎండకు ముందే జీవితము ముగించుట. ఎఱ్ఱని గసగసాల జాతి పువ్వులు మొదలగునవి శీతకాలమున మొలచి, వసంతమున పూచి, విత్తులు రాల్చి చనిపోవును. వేసవిని అవి విత్తు రూపముననే గడపును.

దీవులు, కొండలు చేసిన పని

గ్రీసుదేశమున సుమారు 5,700 జాతుల మొక్కలు కలవు. వానిలో ఐదింట నొకవంతునకు మించి ప్రపంచమున మఱెక్కడను సహజముగా మొలవవు. ఇంత చిన్నదేశమున నిన్ని ప్రత్యేకజాతు లేల? కారణము దీవులును కొండలునే. ఒక దీవిలోని మొక్కయొక్క పుప్పొడి మఱియొక దీవికి పోవుట దుర్లభము. ఒక శిఖరముపైని మొక్కకు లోయలోని వేడిమియే సముద్రమువలె అడ్డు. ఇట్లు వేఱుపడిన మొక్కలు వేలయేండ్లలో వేఱువేఱు జాతులుగా మాఱినవి. మఱియు మంచుయుగములలో ఉత్తర ఐరోపా మంచుక్రింద నణగియుండగా, అచ్చట నశించిన జాతులు కొన్ని గ్రీసు కొండల మఱుగున బ్రతికియుండెను.

ఒలింపసు పర్వతపు నీడగల రాళ్లసందులలో యాంకియా యను చిన్న ఊదారంగు పువ్వు పూయును. దాని బంధువర్గమున నధికభాగము ఉష్ణమండలములందున్నది. ఐరోపా నేటికంటె వెచ్చగానున్న పూర్వకాలమునకు అది మిగిలిన సాక్షి. కెఫలోనియా దీవి పేరుగల ఫర్ వృక్షము ఆ దీవియందలి ఐనోసు పర్వతముమీదను, దక్షిణ గ్రీసు కొండలలోను అడవులుగా నున్నది. క్రీటు తూర్పుతీరమున వాయి యనుచోట నొక ఈతవనము కలదు. మన ఈతచెట్టునకును ఖర్జూరమునకును అది జ్ఞాతి. దానిని ప్రత్యేకజాతిగా 1967లో గుర్తించి, ప్రాచీన వృక్షశాస్త్రజ్ఞుడైన థియోఫ్రాస్టసు పేరు పెట్టిరి.

క్రీటు కొండచఱియలలో మాత్రమే సహజముగా మొలచు డిట్టనీ కథ మఱింత విచిత్రము. దాని గుండ్రని యాకులు తెల్లని నూగుతో కప్పబడియుండును. బాణముతగిలిన అడవిమేకలు దీనిని మేసినచో బాణము ఊడిపడునని పూర్వులు చెప్పుకొనెడివారు. అరిస్టాటిలు ఆ మాటను తన గ్రంథమున వ్రాసియుంచెను. ఔషధమని పేరుపడుటచేత జనులు ప్రాణములకు తెగించి కొండకొమ్ములపై వ్రేలాడుచు దానిని కోసిరి. చఱియలనుండి జాఱిపడి మరణించినవారును కలరు. నేడు దానిని పొలములలో పెంచుచున్నారు గనుక చఱియలపైని మొక్కకు కొంత విశ్రాంతి కలిగినది.

మొక్కల నెఱిగినవారు

మొక్కలను శాస్త్రముగా పరిశీలించుట గ్రీసుననే ప్రబలినది. లెస్బోసు దీవిలో జన్మించి అరిస్టాటిలునకు శిష్యుడైన థియోఫ్రాస్టసు క్రీస్తుపూర్వము నాల్గవ శతాబ్దమున సుమారు 500 మొక్కలను వర్ణించి, వానిని చెట్లు, పొదలు, ఓషధులు మొదలగు వర్గములుగా విభజించెను. ఆయన పండితులనే కాక, కట్టెలుకొట్టువారిని, వేళ్లు త్రవ్వువారిని అడిగి తెలిసికొన్న సంగతులను గూడ వ్రాసెను. మా వంటమనిషిని తలంచికొని యీ మాట యిచ్చట చెప్పుచున్నాము.

పదునెనిమిదవ శతాబ్దమున ఆక్స్‌ఫర్డు ఆచార్యుడగు జాన్ సిబ్‌థార్పు 1786లో ఫెర్డినాండు బౌయరు అను చిత్రకారునితో గ్రీసునకు పోయెను. బౌయరు ప్రయాణమున రంగులు వేయుటకు తీరిక లేక, పెన్సిలు గీతలపై ఒక్కొక్క వర్ణఛాయకు ఒక్కొక్క సంఖ్య వేసికొని, ఇంగ్లాండునకు తిరిగివచ్చిన పిదప ఆ సంఖ్యలనుబట్టి రంగులు నింపెను. సిబ్‌థార్పు రెండవ ప్రయాణమున జబ్బుపడి, 1796లో ముప్పదియేడేండ్ల వయస్సున మరణించెను. అప్పటికి గ్రంథమున నొక్క పుటయైనను అచ్చుపడలేదు. ఆయన తన యాస్తిని గ్రంథప్రచురణకై వ్రాసియిచ్చెను. ఇతర పండితులు పూనుకొనగా, 1806 మొదలు 1840 వఱకు పది సంపుటములుగా, 966 చిత్రములతో ఆ "ఫ్లోరా గ్రేకా" వెలువడెను. తాము ఫలము చూడని పనికై యిట్లు జీవితము ధారపోసినవారిని తలంచినప్పుడు, పరీక్షకు వారముదినములు చదువుటయే గొప్పయనుకొను మాకు సిగ్గు కలిగినది.

ఆకలినాటి ఆధారము

గ్రీసు పల్లెలలో స్త్రీలు శీతకాలమునను వసంతమునను కత్తియు సంచియు చేతబట్టి కొండవాలులకు పోయి అడవి ఆకుకూరలు కోసికొందురు. వానికన్నిటికి "హోర్టా" యని పేరు. 1941లో శత్రుసేనలు దేశము నాక్రమించినప్పుడు ఘోరమైన కఱవు వచ్చి లక్షలమంది మరణించిరి. అప్పుడు ఈ యాకుకూరలే యెందఱికో నోటికందిన యాహారము. పేరు తెలిసినవారు బ్రతుకుటకు దారి వెదకికొనిరి; తెలియనివారికి తినదగినదేదో, విషమేదో తెలియదాయెను. ఆ నేలమీద విషపుమొక్కలును కలవు గదా! క్రీస్తుపూర్వము 399లో సోక్రటీసు త్రాగినది హెమ్లాకు అను అడవిమొక్క రసమే. మా ద్వారముచెంత నవ్వుచున్న గన్నేరును విషమే.

ఖియోసు దీవి దక్షిణభాగమున మస్తకిచెట్టు బెరడును వేసవిలో గాట్లుపెట్టి, క్రింద తెల్లని మట్టిపొడి చల్లి, కాఱిన జిగురుబొట్లను ఏరుదురు. యునానీ వైద్యులు రూమీ మస్తకియని వాడునది యిదియే. ఈ పనితనమును 2014లో యునెస్కో మానవజాతి వారసత్వముగా నెంచినది.

అపాయము

ఈ మొక్కలలో పెక్కింటికి అగ్ని క్రొత్తది కాదు. అలెప్పో పైను చెట్టుకాయలలో కొన్ని యేండ్లకొలది మూసికొనియుండి, మంటల వేడికి విచ్చికొని విత్తులను బూడిదపై చల్లును. సిస్టసు అను పొదవిత్తుల గట్టిపెంకు వేడికి పగిలి, తరువాతి వానలకు మొలకెత్తును. ఓకు మొదలగునవి వేళ్లనుండి మఱల చిగుర్చును. అయితే క్రొత్త పైనుమొక్క తగినన్ని విత్తులు కాయుటకు సుమారు పదునైదేండ్లు పట్టును. అంతలోనే మఱల మంటలు వచ్చినచో అడవి తిరిగి లేవజాలదు. భూమి వేడెక్కుచున్నకొలది మంటలును హెచ్చుచున్నవి. 2012లో ఖియోసు మస్తకితోటలు కాలెను. 2023 ఆగస్టులో ఎవ్రోసు ప్రాంతమున 80,000 హెక్టార్లకు మించిన నేల దగ్ధమయ్యెను. ఐరోపా సమాఖ్యలో లెక్కలు వ్రాయుట మొదలిడినది మొదలు అంతటి దావానలము లేదు. మఱియు వేడికి తాళలేని మొక్కలు కొండపైకి, ఇంకను పైకి జరుగును. శిఖరముమీద నున్నదానికి జరుగుటకు తావేది?

1981లోనే గ్రీసు ప్రభుత్వము పెక్కు అడవిమొక్కలను రక్షించుటకు శాసనము చేసినది. కాని శాసనము మొక్కను కాపాడవలెనన్న, చూచినవాడు దానిని గుర్తింపవలెను గదా!

మన కర్తవ్యము

మన దేశమునను ఇట్టి మొక్కలు లేకపోలేదు. శేషాచలపు కొండలలోని రక్తచందనము దక్షిణపు తూర్పుకనుమలకే సొంతము. తిరుపతి, కడప కొండలలోని పెరీత మఱెచ్చటను సహజముగా మొలవదు. దొంగగొడ్డలికి మొదటిది, వేసవి మంటలకు రెండవది గుఱియగుచున్నవి. రక్తచందనమును అందఱు నెఱుగుదురు. దానికి వెల యున్నది. పెరీత పేరు మాలో నొక్కనికిని తెలియకుండెను.

ఇప్పుడు తోట శుభ్రపఱచు దినమున మొక్కను పెఱుకుటకు ముందు దాని పేరేమని యడుగుచున్నాము. పేరు తెలియనిదానిని తెలియువఱకు విడిచిపెట్టుట మా తరగతి నియమము. తెలిసిన పేళ్లను ఒక పుస్తకమున వ్రాయుచున్నాము. ఇంతవఱకు వ్రాసినవానిలో అధికభాగము మా పాఠ్యపుస్తకములనుండి వచ్చినవి కావు; వసతిగృహపు వంటమనిషి చెప్పినవి.