ప్రాంగణానికొక నీరుగంటి

ఉద్దేశం: కరవు నేలలో నెలకొన్న విద్యాప్రాంగణానికి నీటిని, విద్యుత్తును చూచుకొనే నిర్వాహకుని ఎంపిక ఎంత ముఖ్యమైనదో, ఆ ఎంపికలో గమనించవలసిన అంశాలేమిటో విద్యార్థులకు తెలియజేయడం.

సోమందేపల్లె శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ వరకు అది అనంతపురం జిల్లాలో భాగం. జిల్లా పేరు మారింది గాని నేల స్వభావం మారలేదు. ఎర్ర గరప నేలలు, బండరాళ్ళ గుట్టలు, వాన కోసం ఎదురుచూసే వేరుసెనగ చేలు అక్కడి దృశ్యం. పూర్వపు అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాలను అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఈ రెండింటికీ దూరమైన పీఠభూమి ఇది.

ఇటువంటి ప్రాంతంలో విద్యాసంస్థలు మాత్రం తక్కువేమీ కావు. 1946లో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల 2008లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, అనంతపురంగా రూపొందింది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అనంతపురంలోనూ, శ్రీ సత్యసాయి విద్యాసంస్థ పుట్టపర్తిలోనూ ఏర్పడ్డాయి. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అనంతపురంలో తరగతులు మొదలుపెట్టింది. సోమందేపల్లెకు సమీపంలో, అదే జాతీయ రహదారి పక్కన ఉన్న పాలసముద్రం వద్ద కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారుల జాతీయ శిక్షణ సంస్థ సుమారు 500 ఎకరాల ప్రాంగణంలో 2024 జనవరిలో ప్రారంభమైంది.

ఒక ప్రాంగణం ఏర్పడిందంటే ఒక చిన్న పట్టణం పుట్టినట్లే. వసతి గృహాలు, వంటశాలలు, ప్రయోగశాలలు, గ్రంథాలయం, ఆరోగ్యకేంద్రం, అతిథిగృహం అన్నింటికీ నీరు కావాలి, కరెంటు కావాలి. ఉపకులపతి ఎవరు, ఆచార్యులెవరు అనే విషయం మీద పత్రికలలో చర్చ జరుగుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు మోటారు కాలిపోతే లేచి వెళ్ళవలసినవాడెవరన్న ప్రశ్న ఎవరికీ తోచదు. ఆ ఉద్యోగానికి ప్రకటనలలో వాడే పేరు ‘యుటిలిటీస్ అండ్ ఎనర్జీ మేనేజరు’. తెలుగులో నీటి, ఇంధన నిర్వాహకుడు అనవచ్చు. పేరు కొత్తదే గాని పని ఈ నేలకు కొత్తది కాదు.

పెనుకొండ విజయనగర రాజులకు ముఖ్యమైన దుర్గం. సోమందేపల్లెకు అది పొరుగు పట్టణం. రెండవ హరిహరరాయల కుమారుడు బుక్కరాయలు పెనుకొండ నుంచి పాలిస్తుండగా నగరానికి నీరు తెచ్చే పని తలపెట్టాడు. 1388 నాటి శాసనం ఒకటి ఆ సందర్భాన్ని నమోదు చేసింది. పెన్నానది నీటిని పెనుకొండకు తీసుకొనిరమ్మని రాజు జలసూత్రంలో నిపుణుడైన సింగయభట్టును ఆజ్ఞాపించాడు. ఆయన కాలువ తవ్వించి సిరువేర చెరువుకు నీటిని చేర్చాడు. సైన్యాన్ని నడిపేవాని పేరుతో పాటు నీటిని నడిపినవాని పేరు కూడా రాతి మీద నిలిచింది. శాసనం ఆయనను బహువిద్యలలో ఆరితేరినవానిగా కీర్తించింది. అంటే ఎంపికలో మొదట చూచినది విద్య.

కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండరాని ఆరు దోషాలను వివరించింది. నీటిశాస్త్రం తెలిసిన పండితుడు ఆ పన్నెండు అంగాలలో ఒకడు. గట్టి నేల, తీపి నీటి నది, కొండల నడుమ ఇరుకైన చోటు ఎంత అవసరమో, తెలిసిన మనిషి కూడా అంతే అవసరమని ఆనాటివారు గుర్తించారు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని కూడా శాసనం చెబుతున్నది. ప్రాజెక్టు నివేదిక అనే మాట అప్పుడు లేదు, అంతే.

చెరువు కట్టినవాడు వెళ్ళిపోయాక దానిని కాచేవాడు నీరుగంటి. కొన్ని ఊళ్ళలో నీరుగట్టు అనేవారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలి, కట్ట ఎక్కడ ఊరుతున్నది అనేవి అతనికి తెలుసు. ఊరు అతనికి మాన్యమో, పంటలో వాటాయో ఇచ్చేది. పెద్ద రైతుకు, చిన్న రైతుకు మధ్య అతడు పక్షపాతం చూపితే తగవు తప్పదు. కాబట్టి నీరుగంటికి నైపుణ్యం ఒక్కటే చాలదు, నలుగురి నమ్మకమూ కావాలి. నేటి ప్రాంగణ నిర్వాహకుని ఎంపికలో ఈ రెండవ గుణాన్ని చాలా సంస్థలు అడగనే అడగవు.

చట్టం సంగతి చూద్దాం. భారత పార్లమెంటు 2001లో ఇంధన పరిరక్షణ చట్టం చేసింది. 2002 మార్చి 1న ఇంధన సామర్థ్య సంస్థ ఏర్పడింది. సిమెంటు, ఇనుము, ఎరువులు, కాగితం వంటి భారీ వినియోగదారులు ఇంధన నిర్వాహకుని తప్పనిసరిగా నియమించాలని చట్టం నిర్దేశించింది. ఈ నిర్వాహకుల అర్హతను నిర్ణయించే జాతీయ స్థాయి పరీక్ష 2004లో మొదలైంది. ఇంధన నిర్వహణ సామాన్య సూత్రాలు, ఉష్ణ సంబంధమైన పరికరాలు, విద్యుత్ పరికరాలు అనే మూడు పత్రాలలో నిర్వాహకుడు ఉత్తీర్ణుడు కావాలి. ఆడిటర్ కాదలచినవాడు నాలుగవ పత్రం కూడా రాయాలి. ఇంజనీరింగు పట్టభద్రులకు మూడేళ్ళ అనుభవం, డిప్లొమావారికి ఆరేళ్ళ అనుభవం ఉండాలన్నది నియమం. డిప్లొమా చదివినవాడికి కూడా తలుపు తెరచి ఉంచడం ఈ నియమంలోని మంచి. విశ్వవిద్యాలయ ప్రకటనలలో ఆ తలుపు తరచుగా మూసుకొనే ఉంటుంది.

సోమందేపల్లె వంటి చోట ఈ పనికి ఒక ప్రత్యేకత ఉన్నది. ఇక్కడ నీటి లెక్క, కరెంటు లెక్క రెండూ ఒకటే. వెయ్యి లీటర్ల నీటిని 100 మీటర్ల లోతు నుంచి పైకి తేవడానికి సిద్ధాంతరీత్యా కావలసిన విద్యుత్తు 0.27 యూనిట్లు. పంపు, మోటారు, గొట్టాలలో జరిగే నష్టాలు కలుపుకొని మొత్తం సామర్థ్యం 45 శాతం అనుకొంటే అది 0.6 యూనిట్లవుతుంది. నీటి మట్టం 200 మీటర్లకు దిగితే 1.2 యూనిట్లు. వసతి గృహాలలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అవసరమని భారతీయ ప్రమాణం. 500 మంది విద్యార్థులున్న వసతి గృహానికి రోజుకు 67,500 లీటర్లు కావాలి. ఆ నీటిని 200 మీటర్ల నుంచి తోడటానికే సుమారు 82 యూనిట్లు ఖర్చవుతాయి. కారే కుళాయి ఒకటి వృథా చేసేది నీరు మాత్రమే కాదన్నమాట. వేసవిలో మట్టం దిగినకొద్దీ ప్రతి బిందెకూ కరెంటు ఖర్చు పెరుగుతుంది. పరీక్షల కాలమూ, పంకాలు ఎక్కువగా తిరిగే కాలమూ అదే.

బోరుబావి వట్టిపోతే ట్యాంకరు తప్పదు. ట్యాంకరు వచ్చిందంటే సంస్థ ఖర్చు పెరగడమే కాదు, చుట్టుపక్కల ఏదో ఒక రైతు బోరు నీరు ప్రాంగణంలోకి వచ్చినట్లే. అక్కడ ఇంధన నిర్వాహకుని తప్పిదం చేను దాకా పాకుతుంది. హంద్రీ–నీవా పథకం ద్వారా శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిన కృష్ణా జలాలు 2016లో పెనుకొండ వద్దనున్న గొల్లపల్లి జలాశయానికి చేరాయి. ఆ నీరు కూడా ఎన్నో ఎత్తిపోతల మెట్లు ఎక్కి వచ్చినదే. ప్రతి మెట్టుకూ కరెంటు వెల ఉన్నది. కనుక కాలువ వచ్చింది కదా అని పొదుపు మానడానికి వీలులేదు.

ఇక విద్యుత్ బిల్లు. పెద్ద ప్రాంగణాలు హెచ్.టి. కనెక్షను తీసుకొంటాయి. సంస్థ తనకు ఎంత అవసరమో ముందుగా చెప్పి ఒప్పందం చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండు, ఒప్పంద డిమాండులో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి రుసుము కట్టాలి. 500 కేవీఏకు ఒప్పందం రాసుకొని 250 మాత్రమే వాడిన సంస్థ కూడా 400కు చెల్లించవలసిందే. సెలవులలో వసతి గృహాలు ఖాళీగా ఉన్నా ఈ రుసుము ఖాళీగా ఉండదు. తక్కువకు రాసుకొంటే మరొక చిక్కు: ఉదయం ఆరు గంటలకు మోటార్లన్నీ ఒకేసారి వేస్తే డిమాండు ఒప్పందాన్ని మించి అపరాధ రుసుము పడుతుంది. మోటార్లను ఒకదాని తరువాత ఒకటి వేసే అలవాటు చేస్తే ఒక్క రూపాయి పెట్టుబడి లేకుండా ఈ చిక్కు తీరుతుంది. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉన్నప్పుడు 300 కిలోవాట్ల భారానికి 375 కేవీఏ కావాలి. కెపాసిటర్లతో దానిని 0.98కి పెంచితే 306 సరిపోతుంది. ఈ సంగతులు తెలిసినవాడు ఉన్న సంస్థకూ, బిల్లు రాగానే సంతకం చేసి పంపే సంస్థకూ ఏడాది చివర కనిపించే తేడా చిన్నది కాదు.

ఎండ ఈ సీమకు దక్కిన ధనం. నంబులపూలకుంట సౌర పార్కు, 1990వ దశకంలో రామగిరి కొండల మీద మొదలైన గాలిమరలు అందుకు సాక్ష్యాలు. ఒక కిలోవాట్ సౌరఫలకాలకు సుమారు పది చదరపు మీటర్ల చోటు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. ఎండ ఉన్న వేళలోనే బోరు మోటార్లు నడిపి ఓవర్‌హెడ్ ట్యాంకు నింపుకొంటే ఆ ట్యాంకే బ్యాటరీ పని చేస్తుంది. అయితే ఫలకాల మీద ఎర్రధూళి పేరుకొంటుంది, కడగడానికి మళ్ళీ నీళ్ళు కావాలి. వాడిన నీటిని శుద్ధిచేసి ఈ పనికి మళ్ళించవచ్చునా, పొడిగుడ్డ బ్రష్షు చాలునా అని తేల్చవలసినవాడూ నిర్వాహకుడే.

ఇన్ని బాధ్యతలున్న ఉద్యోగానికి ప్రకటన ఎలా ఉండాలి? ‘ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా, పదేళ్ళ అనుభవం’ అని రెండు ముక్కలు రాస్తే వందల దరఖాస్తులు రావచ్చు, కావలసినవాడు రాకపోవచ్చు. ప్రాంగణ విస్తీర్ణం, నివసించేవారి సంఖ్య, బోర్లు ఎన్ని, ఎంత లోతు, ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం, జనరేటర్లు, శుద్ధి యంత్రాలు అన్నీ ప్రకటనలోనే చెప్పడం న్యాయం. ప్రాంగణంలోనే ఇల్లు ఇస్తారా, రాత్రి పిలుపుకు రావాలా, ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్నవి దాచరాదు. చేరిన మూడు నెలలకే ఉద్యోగి వెళ్ళిపోవడానికి దాచిన విషయాలే ఎక్కువగా కారణమవుతాయి.

దరఖాస్తు చేసేవారు సాధారణంగా మూడు తోవలలో వస్తారు. కర్మాగారంలో పనిచేసినవాడికి యంత్రాలు క్షుణ్ణంగా తెలుసు. కాని కర్మాగారపు భారం రోజంతా ఇంచుమించు ఒకటే. ప్రాంగణం ఉదయం స్నానాల వేళ ఒక తీరు, తరగతుల వేళ ఒక తీరు, దసరా సెలవులలో మరొక తీరు. విద్యుత్ పంపిణీ సంస్థలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడికి బిల్లులు, నిబంధనలు కరతలామలకం. అతడు నీటి పని తనది కాదనుకొనే ప్రమాదం ఉన్నది. ఆసుపత్రిలోనో, హోటలులోనో నిర్వహణ పర్యవేక్షకునిగా ఎదిగిన డిప్లొమా అభ్యర్థికి బాయిలరు నుంచి లిఫ్టు దాకా అన్నిటితో పరిచయం ఉంటుంది. కాగితాల మీద మాత్రం అతడు మిగతావారికంటే చిన్నగా కనిపిస్తాడు. ఎంపిక సంఘం కాగితాలతోనే ఆగిపోతే అతడు మొదటి వడపోతలోనే పోతాడు.

దీనికి విరుగుడు ఇంటర్వ్యూను గది దాటించడం. అభ్యర్థికి పన్నెండు నెలల విద్యుత్ బిల్లులు ఇచ్చి గంటసేపు చదువుకోనివ్వాలి. ఆ తరువాత ప్యానెల్ బోర్డు వద్దకు, సంపు వద్దకు, వంటశాల వెనక్కు తీసుకొని వెళ్ళాలి. ఏమి కనిపించిందో చెప్పమనాలి. అనుభవం ఉన్నవాడు మొదట మోటారు శబ్దం వింటాడు, తడిసిన గోడను చూస్తాడు, నీటి మీటరు ఎక్కడుందని అడుగుతాడు. అక్కడ పనిచేసే ఎలక్ట్రీషియనుతో, పంపు ఆపరేటరుతో అతడు ఎలా మాట్లాడుతున్నాడో కూడా గమనించాలి. ఏళ్ళ తరబడి ఆ బోర్లను చూచిన పంపు ఆపరేటరును ‘అన్నా, వేసవిలో ఏది ముందు ఆగిపోతుంది?’ అని అడిగే అభ్యర్థికి సగం ప్రాంగణం అప్పుడే అర్థమైనట్లు. ఆపరేటరు జవాబు ఏ రిజిస్టరులోనూ ఉండదు.

అధికారం విషయం మరింత సున్నితమైనది. ఒక శాఖవారు ఏసీలు పెంచమని, మరొకరు తోటకు నీరు ఆపవద్దని ఒత్తిడి తెస్తారు. నిర్వాహకుడు లెక్క చూపి కాదనగలగాలి. కాదన్నప్పుడు రిజిస్ట్రారు అతని వెంట నిలవాలి. ఆ హామీ నియామక పత్రంలో లేకపోతే జీతం ఎంత ఇచ్చినా అతడు మరమ్మతుల గుమాస్తాగా మిగిలిపోతాడు. ఊరు నీరుగంటికి మాన్యంతో పాటు మాట కూడా ఇచ్చేది.

కొత్తగా చేరిన నిర్వాహకుడు మొదటి వారంలో కొత్త యంత్రం ఏదీ అడగనవసరం లేదు. ప్రతి భవనానికి ఒక నీటి మీటరు, ప్రతి బోరుకు ఒక విద్యుత్ మీటరు, రెండింటినీ రోజూ ఒకే పుటలో రాసే ఒక రిజిస్టరు చాలు.

ప్రశ్నలు

1. సోమందేపల్లె ప్రాంతంలో నీటి లెక్క, కరెంటు లెక్క ఒకటే అనడంలో అర్థమేమిటి? పాఠంలోని అంకెలతో వివరించండి.
2. సింగయభట్టు పనికీ, నీరుగంటి పనికీ గల భేదాన్ని తెలపండి.
3. మీ కళాశాల బోరుబావి లోతు, నెలసరి విద్యుత్ బిల్లు తెలుసుకొని ఈ ఉద్యోగానికి ఒక ప్రకటన రాయండి.